కాపీ సగమే ఎందుకుంది?

ఆసుపత్రి వెనక టీ కొట్టు బెంచీ మీద బావ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మరదలికి మాత్రం ఒక్కచోట కాలు నిలవడం లేదు. ఇద్దరిదీ ఆ ఆసుపత్రి కంప్యూటర్ గదిలోనే ఉద్యోగం. రోగుల రిపోర్టులన్నీ ఒక సర్వర్లో ఉంటాయి, వాటి కాపీ ఇంకో సర్వర్లో. పొద్దున చూస్తే కాపీ సైజు సగమే! మిగతా రిపోర్టులు ఏమైపోయాయోనని ఆమె గుండెల్లో రాయి పడింది. కాసేపట్లో జవాబు చెప్పకపోతే ఈ కాపీ పనికిరాదని తుడిపించేస్తానని మేనేజర్ పట్టుబట్టి కూర్చున్నాడు.

"రెండు వైపులా రికార్డులు లెక్కచూడమన్నాను కదా బావా, సరిపోయాయా?"

"ఆగవే అమ్మడూ! ఇలాంటివి ఎన్ని చూశాను! పాత ఆఫీసులోనూ ఇంతే, అసలుది ఏనుగంత, కాపీ ఎలకంత. నేను వెళ్ళి అలా చెయ్యి వేశానో లేదో తెలిసిపోయింది, ఒళ్ళంతా గాలి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది గురూ?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న లిఫ్టు మెకానిక్.

"ఒక్క కమాండ్ కొట్టా. బుస్సుమని గాలి బయటికి తన్నుకొచ్చి, కిటికీలు ఊడిపోయి, మేనేజర్ విగ్గు ఎగిరెళ్ళి పక్క బిల్డింగ్ మీద పడి..."

"రికార్డులు, బావా!"

"అక్కడికే వస్తున్నా! సర్వర్ చిక్కిపోతోంది, చిక్కిపోతోంది, బీరువా అంతది అగ్గిపెట్టె అంతయింది. జేబులో వేసుకుని ఇంటికెళ్ళిపోయా. వారం రోజులు ఆఫీసంతా నా జేబులోంచే నడిచింది. నేను తుమ్మితే అందరికీ జీతాలు రెండుసార్లు పడేవి!"

"మా ఆఫీసుకొచ్చి కూడా ఓసారి తుమ్మిపో గురూ," అన్నాడు మెకానిక్.

మరదలికి ఒళ్ళు మండింది. ఈయన్ని నమ్ముకుంటే కొంప మునుగుతుందనుకుని, కంప్యూటర్ గదిలో ఉన్న తోటి ఉద్యోగికి ఫోన్ చేసి, రికార్డులు లెక్కచూడమని స్పీకర్ పెట్టింది. లెక్క తేలేదాకా బెంచీ చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఒక్కటీ తేడా లేదక్కా. అసలుదాంట్లో చెరిపేసిన రిపోర్టుల చోటు ఖాళీగా అలాగే ఉండిపోయింది. కాపీ ఈమధ్యే కొత్తగా చేశాం కదా, ఆ ఖాళీ ఇందులోకి రాలేదు. తుడవొద్దని మేనేజర్‌కి చెప్పేశా."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. బావ బెంచీ చరిచాడు.

"గాలి అన్నానా లేదా? పొద్దున్నే సర్వర్ లోపలికెళ్ళి, నాడి పట్టి చూసి మరీ చెప్తున్నా!"

"అన్నయ్య అక్కడే ఉన్నారా?" అంది ఫోన్లో గొంతు. "పొద్దున్నించీ తప్పు పాస్‌వర్డ్ కొట్టీ కొట్టీ లాకైపోయారు. అసలు లోపలికే రాలేదు."

మెకానిక్‌కి పొలమారింది. బావ మరదలి దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"మీ అక్క పుట్టినరోజే పెట్టుకున్నానే పాస్‌వర్డ్. ఎప్పుడో కాస్త చెప్పవూ? అడిగానని దానికి మాత్రం చెప్పకు."