పలక మీద మూడడుగులు

హవాయిలోని ఓవహు దీవి ఉత్తర తీరంలో సర్ఫ్ బోర్డులు అద్దెకిచ్చే నా కొట్టుకి, ఒడ్డున కాపలా కాసే అమ్మాయి తడిబట్టలతోనే వచ్చింది.

“అంకుల్, కొట్టు బయట పలక మీద ‘అల మూడడుగులు, గాలి తక్కువ’ అని రాసింది మీరేనా?”

“మూడే కదమ్మా. మనం అలని వెనకనుంచి కొలుస్తాం. తాతలనాటి లెక్క.”

“ముందునుంచి ఆరడుగులు! మీ తాతలొచ్చి మోశారా అతన్ని? నేను మోశాను.”

“బతికాడా?”

“బతికాడు. తల ఇసుకకి గుద్దుకుంది, కాళ్లు కదలట్లేదు. నిన్న దిగిన టూరిస్టు, మన కొలత అతనికేం తెలుసు? మిమ్మల్ని అడగాలని కూడా తోచి ఉండదు.”

“అడిగాడమ్మా.”

“ఏమని?”

“అల నడుము దాకానేనా అని. కాదంటే బోర్డు తీసుకోడని, అవునని తలూపాను.”