గీత పడని తాళం

పరిహారానికి అర్హత లేదంటే ఏంటమ్మా, అర్హత లేదంటే? పదకొండేళ్లు జైల్లో ఉండటానికి మాత్రం అర్హుణ్ణయ్యాను గదా!

అయ్యో, మీ మీద అరవట్లేదు తల్లీ. మీరేం చేస్తారు పాపం. ఇదిగో, కోర్టు కాగితం. నిర్దోషినని ముద్రేసి మరీ ఇచ్చారు. నేను దోచానన్న ఆ నగల కొట్టుని, కొట్టాయన బావమరిదే ఇంట్లో ఉన్న తాళంచెవితో తీసి దోచుకుపోయాడట. మంచం పట్టాక వాడే ఒప్పుకున్నాడు. పరిహారానికి ఇంకేం కావాలి?

ఏదీ, ఆ నిబంధన మళ్ళీ చదవండి... 'తన మాటతో తానే శిక్షకు కారణమైనవాడికి పరిహారం వర్తించదు.' ఓహో! నా నోరే నా కొంప ముంచిందంటారు.

ఆ మాట ఎందుకన్నానో కూడా వినండి మరి. నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు పిలిపించి, టీ కూడా ఇప్పించి, కొట్టు తాళం నా చేతిలో పెట్టాడు. దాని మీద ఒక్క గీత లేదు. "ఏమయ్యా, చెవి లేకుండా దీన్ని ఇంత శుభ్రంగా తియ్యగలిగేవాడు ఊళ్లో ఎవడు?" అన్నాడు. పక్క బల్ల మీద మా సందు చివరి ఇంకో తాళాలవాడు కూర్చున్నాడు. ఇరవయ్యేళ్లుగా వాడికీ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వాడి ముందు తల దించుకోనా?

"నేను తప్ప ఇంకెవడండీ!" అన్నాను. మీసం కూడా దువ్వానేమో.

ఆ ముక్కే రాసి సంతకం పెట్టమన్నాడు. నా పనితనానికి సర్టిఫికెట్ ఇస్తున్నాడనుకున్నానమ్మా, ఒట్టు!

నవ్వండి, పర్లేదు. జైల్లో కూడా అందరూ నవ్వారు.

ఏంటీ? ఆ మాట అబద్ధమని రుజువైతే ఫైలు మళ్ళీ చూస్తారా?

...ఒక్క నిమిషం. మంచినీళ్లున్నాయా?

సరే, రాసుకోండి. ఆ తాళం తియ్యడం నాకు రాదు. ఆ రకం బజార్లోకి కొత్తగా వచ్చినప్పుడు ఒకటి కొని తెచ్చుకుని, తలుపేసుకుని మూడు రోజులు కుస్తీ పట్టాను. చేతులు బొబ్బలెక్కాయి గానీ అది కదల్లేదు. చివరికి సిగ్గు చంపుకుని దాని చెవితోనే తీశాను. కోర్టులో నా వకీలు బతిమాలాడు, "నీకు చేతకాదని చెప్పవయ్యా, బయటపడతావు" అని. ఎదురుగా సందు చివరివాడు కూర్చుని ఉన్నాడు. వాడి ముందు ఆ మాట ఎలా అంటాను? పదకొండేళ్లమ్మా! పదకొండేళ్లు చేతగానివాణ్ణి అనిపించుకోవడం ఇష్టం లేక దొంగనే అనిపించుకున్నాను.

సాక్షా? ఒక్క మనిషికే తెలుసు. మా ఆవిడకి. ఆ మూడు రోజులూ అన్నం పళ్లెం పట్టుకుని పక్కనే కూర్చుంది. ములాఖత్‌కి వచ్చినప్పుడల్లా ఆ ఊచలు పట్టుకుని ఒకటే పోరు. "నాకు రాదని చెప్పెయ్యండి, ఇంటికొచ్చెయ్యండి" అని. నేను లోపలుండగానే పోయింది.

అదేంటమ్మా, పెన్ను మూసేశారు?