కార్డ్‌లెస్ ఫోను

మదనపల్లెలో ఒక ఇంటి ముందుగది, మధ్యాహ్నం మూడున్నర. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ముసలామె మాటిమాటికీ గడియారం చూస్తోంది. వైర్‌లెస్ బాగుచేయడానికి వచ్చినతను రూటరు చేతిలో పట్టుకున్నాడు.

“సిగ్నల్ బాగానే ఉండాదే అవ్వా. ఎప్పుడు పోతాది?”

“నా చెల్లెలి మొగం కనపడిన రవ్వంతసేపటికే పోతాది. బిరీన సూడప్పా! నాలుగింటికి దాన్ని కుప్పం నుంచి వేలూరికి ఆపరేషన్‌కు తీసుకపోతాండారు. మళ్లా సూస్తానో లేదో.”

“మొగం కనపడినాక నువ్వేం చేస్తావు?”

“ఫోను తీసి మాట్లాడతా. దానికి చెవుడు, కంప్యూటర్‌లో మాట వినపడదు. దాని కోడలు ఫోను చెవి కాడ పెడతాది.”

“ఈ కార్డ్‌లెస్ ఫోనేనా?”

“అదే. యాల నవ్వుతాండావు?”

“ఇదీ రూటరూ ఒకే బ్యాండ్‌లో పని చేస్తాయవ్వా, ఒకదానికొకటి అడ్డం పడతాయి. నువ్వు మాట్లాడితే బొమ్మ పోతాది. రూటరు చానల్ మార్చినా ఈ పాత ఫోనుతో కుదరదు. రేపు వైరు ఫోను తెచ్చి పెడతా.”

“అంటే ఇన్నాళ్లూ దాని మొగం పోగొట్టింది నేనేనా?”

“ఈపొద్దుకు మాట్లాడేదో, సూసేదో, ఏదో ఒకటే అవుతాది.”

“గొంతులో గడ్డ లేచి దానికి మాట పోయి ఆర్నెల్లాయె. ఈపొద్దు నేనూ మాట్లాడను. ఆ ఫోను నువ్వే పట్టుకోప్పా. నేనడిగినా ఈయొద్దు.”