రాజనర్సు తెరిచిన ఫోల్డర్లు

"గిదేం పని చెల్లే! మేడిపల్లిల ఒకలింట్ల గిట్లనే రెండు కంప్యూటర్లు అలిగిన అత్తాకోడండ్ల లెక్క ఒకదాని మొకం ఒకటి చూడకుంట కూసున్నయి. నేను పోయిన, వైరు గుంజి ఉఫ్‌మని ఒక్క ఊదు ఊదిన, మళ్ల పెట్టిన. ఫోల్డర్ తెరుసుకున్నది. గంతే!"

అలా మొదలుపెట్టాడు రాజనర్సు. సంచీ భుజాన వేసుకుని కోరుట్లలో ఇంటింటికీ తిరిగి కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. సకల జనుల సమ్మెతో బజారంతా మూతపడి ఉన్నందువల్ల గజాలా కబురు పంపిన వెంటనే వచ్చాడు. వాళ్ల అరుగు మీద చాప పరుచుకుని, ఆమె ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకున్నాడు. అయితే అతని వేళ్లకన్నా నోరే ముందు నడుస్తోంది. పక్కింటి మాధవ రావు వార్తాపత్రికతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురింటి మొగిలవ్వ బీడీల చాటను ఒడిలో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. కథ దొరికిందన్న సంతోషం ఇద్దరి ముఖాల్లోనూ ఉంది.

గజాలా మాత్రం ఆ కథ వినడం లేదు. మేడ మీది నుంచి వస్తున్న చప్పుడు వింటోంది.

మేడ మీద ఆమె తండ్రి గులాం మొహియుద్దీన్ కంప్యూటర్ ఉంది. ఎండాకాలంలో ఆయన గుండె ఆగి పోయాడు. శ్రావణం వెళ్లాక ఒకనాడు కరెంటు వోల్టేజీ ఒక్కసారిగా పెరిగి దాని తెర కాలిపోయింది. పెట్టె మాత్రం బతికింది. ఆ పెట్టెలోని ఫోల్డర్‌ను కింది ల్యాప్‌టాప్‌లో తెరుచుకునేందుకు ఆయన ఉన్నప్పుడే తీగ వేయించాడు. ఇప్పుడు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ పేరుగల కంప్యూటర్ దొరకడం లేదన్న జవాబే వస్తోంది. ఆ ఫోల్డర్‌లో ఆయన గొంతు ఉంది. అది ఆ ఇంట్లో మరెక్కడా లేదు.

కొత్త తెర కొందామంటే దుకాణాలు లేవు, జగిత్యాల దాకా వెళదామంటే బస్సులు లేవు. అడిగి తెచ్చుకునేందుకు ఆ వీధిలో ఇంకెవరికీ కంప్యూటర్ లేదు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో రోజూ మధ్యాహ్నం జొహర్ అజాన్ వేళకు కరెంటు పోతోంది. పోయి వచ్చిన ప్రతిసారీ పెట్టె లోపల ఏదో గీరుకుంటున్న చప్పుడు పెరుగుతోంది. ఈ ఉదయం అది ఎంతకూ లేవక, లేవక, చివరకు లేచింది. రేపు లేస్తుందన్న నమ్మకం గజాలాకు లేదు.

"అన్నా, జర జల్ది చూడు. అజాన్ అయితె కరెంటు పోతది."

"చూస్తనే ఉన్న గదా! గీ చేతులు సామాన్యమైన చేతులనుకుంటున్నవా? సిరిసిల్లల బట్టలు నేసే సాంచెల సేటు ఇంట్ల ఇంతకన్న పెద్ద లొల్లి అయ్యింది. ఫోల్డర్ గీ గదిల, సేటు గా గదిల, నడుమ వైరును ఎలుక కొరికింది. బందు దినం, వైరు దొరకది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? సాంచె మీది పోగు గుంజి రెండు కంప్యూటర్లకు ముడేసిన. ఫోల్డర్ పోగు మీద జారుకుంట జారుకుంట పోయింది. కని సాంచె బందు చేసుడు మరిచిన. తెల్లారి చూస్తె చీర నేసి ఉన్నది. కొంగు మీద సేటు పెండ్లి ఫోటోలు, రంగులతో సహా!"

"ఆ చీర ఏమాయె నర్సూ?" అన్నాడు మాధవ రావు, పత్రిక దించకుండానే.

"సేటు పెండ్లాం కట్టుకున్నది రావు సాబ్. ఎన్ని ఉతుకులు ఉతికినా డిలీట్ కాలే."

మొగిలవ్వ నవ్వింది. "నా బీడీలు గూడ గా పోగుతోనే కట్టిపియ్యి, కొడుకా."

గజాలా అతని వేళ్లనే చూస్తోంది. తెర మీద తెరిచిన కిటికీనే మూస్తున్నాడు, మూసినదాన్నే తెరుస్తున్నాడు. నుదుట చెమట పట్టింది. కథ పెరుగుతున్నకొద్దీ చేతులు తడబడుతున్నాయి. చేతులు తడబడుతున్నకొద్దీ కథ పెరుగుతోంది. గడపలో తస్బీహ్ పూసలు తిప్పుతూ కూర్చున్న తల్లి తాహెరాబీ తలెత్తి, "మిలా క్యా?" అని అడిగింది. గజాలా ఇంకా దొరకలేదన్నట్టు తల ఊపింది.

"వీర్నపల్లిల అయితె కరెంటే లేదు," రాజనర్సు గొంతు పెంచాడు. "పిట్టగోడ మీద నిలవడి 'ఓ ఫోల్డరూ' అని ఒక్క కేక పెట్టిన. పొలాలల్ల పడి ఉరికొచ్చింది. గంతెందుకు, ఢిల్లీల కంప్యూటర్ తెరిసిన! గీ వేళ్లతోనే! అండ్ల మన రాష్ట్రం ఫోల్డర్ల పెట్టి ఉన్నది. జిల్లాలు, చెరువులు, అన్ని సదిరిపెట్టి ఉన్నయి. నేను కాపీ కొట్టుడు షురువు చేసిన. తొంభై దాటింది, తొంభై అయిదు దాటింది, తొంభై తొమ్మిది కాంగనే..."

"కాంగనే?"

"కరెంటు పోయింది."

"అయితె తెలంగాణ ఆగింది మీ గల్లీ కరెంటుకా!" అని మొగిలవ్వ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. మాధవ రావు పత్రిక కూడా ఊగింది.

రాజనర్సుకు రోషం వచ్చింది. "నవ్వుండ్రి, నవ్వుండ్రి! ఇయ్యాల బండ్ల మీద ఏపీ చెరిపి టీజీ రాసుకుంటున్నరు గదా, గా ఉపాయం ముందుగాల ఎవలిది? నాది! ఎవలూ రంగు డబ్బ పట్టకముందే, కోరుట్ల నుంచి సిరిసిల్ల దాక నేను అడుగువెట్టిన ప్రతి ఇంట్ల కంప్యూటర్ పేరుల ఏపీ తీసి టీజీ పెట్టిన. ఇంటోళ్లకు గూడ తెల్వది. లచ్చ కంప్యూటర్లు!"

గజాలా చూపు అరుగు పక్కన నిలిపి ఉన్న తండ్రి స్కూటర్ మీదికి వెళ్లింది. నంబరు పలక మీద ఏపీ అక్షరాలు అలాగే ఉన్నాయి. కంప్యూటర్ కొన్నప్పుడు దానికేదైనా పేరు పెట్టమంటే, తనకు జన్మలో గుర్తుండే నంబరు అదొక్కటేనని, ఆయన ఆ స్కూటర్ నంబరునే పెట్టించాడు.

"అన్నా, శ్రావణంల మా పెట్టె దుమ్ము దులప వచ్చినవు గదా. దాని పేరు గూడ మార్చినవా?"

రాజనర్సు నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అంటే... ఉద్యమం గదా చెల్లే..."

"లచ్చ పేర్లు యాదికున్నయి, గీ ఒక్కటి యాదికి లేదా? పొద్దటి సంది పాత పేరు పెట్టి పిలుస్తున్నవు. ఎట్ల పలుకుతది?"

ఆమె ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఏపీ తీసి టీజీ కొట్టింది. తక్కిన స్కూటర్ నంబరును తండ్రి చెప్పినట్టే, ఒక్కో అంకెను పెదవులతో పలుకుతూ కొట్టింది.

ఫోల్డర్ తెరుచుకుంది.

ఆమె కాపీ మొదలుపెట్టింది. చిన్న ఫైలే, కాని మేడ మీది పెట్టె దాన్ని గీరుకుంటూ, ఆగుతూ, మళ్లీ గీరుకుంటూ ఇస్తోంది. మాధవ రావు పత్రిక మడిచాడు. మొగిలవ్వ కత్తెర ఆగింది. మసీదు నుంచి అజాన్ మొదలైంది. తొంభై దాటింది. తొంభై తొమ్మిది దగ్గర ఆకుపచ్చ గీత కదలకుండా నిలిచిపోయింది. ఎవరూ నవ్వలేదు. రాజనర్సు కళ్లు మూసుకున్నాడు.

గదిలో ఫ్యాను ఆగింది. మేడ మీద చప్పుడు ఆగింది.

ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. గీత ఉన్న చోట గీత లేదు. ఫైలు ఒకటి ఉంది. అది నిండుగా వచ్చిందో, సగమే వచ్చిందో తెలియదు. గజాలా వేలు కాసేపు దాని మీదే నిలిచి, నొక్కింది.

ముందు బరబరమన్న చప్పుడు. తర్వాత తీరిగ్గా, కొంచెం బొంగురుగా, గులాం మొహియుద్దీన్ గొంతు.

"హలో, హలో... వినవడుతున్నదా? అరే రాజనర్సూ, నీ సిరిసిల్ల చీర ముచ్చట తర్వాత చెప్పురా. ముందుగాల చాయ్ తాగు, సల్లారుతున్నది. తాహెరా! వీనికి ఇంకో చెంచ షక్కర్ వెయ్యి."

"లాతూఁ," అంది తాహెరాబీ. అని, తస్బీహ్‌ను గడప మీద పెట్టి లేచి వంటింట్లోకి వెళ్లింది.

లోపల చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆమె తెచ్చిన చాయ్‌ను రాజనర్సు రెండు చేతులతో అందుకున్నాడు. చల్లారకముందే తాగాడు.