గోడ మీది గాజు పలక

(సాయంత్రం. వెనక పడకగదిలో భార్యాభర్తలిద్దరే ఉన్నారు.)

“టార్చి ఇటు పట్టండి. అటు కాదు, గోడ పగులు మీద.”

“పట్టాను కదా. ఏముంది చూడ్డానికి? నిన్న చూశావు, మొన్న చూశావు. గాజు పలక అలాగే ఉంది.”

“వెలుగు మళ్లీ పక్కకి జారుతోంది.”

“ఇంతసేపు ఎత్తి పట్టుకుంటే జారదా? ఈ వయసులో చదువు నీది, పోయేవి నా భుజాలు.”

“కాస్త ఓర్చుకోండి. ఆఁ... బాగానే ఉంది. సన్నటి గీత కూడా లేదు. క్లాసు నుంచి వస్తుంటే దారంతా ఇదే భయం. తలుపు తియ్యగానే ఇది రెండు ముక్కలై కనిపిస్తుందేమోనని.”

“కనిపించలేదుగా. పద, టీ పెట్టు.”

“ఉండండి. గాజు బాగానే ఉంది. మరి ఈ తలుపు ఎందుకు పట్టేస్తోంది? మొన్నమొన్నటిదాకా చిటికెన వేలితో తోస్తే పడేది. ఇవాళ భుజం పెట్టి నెట్టాను.”

“వానలు కదా. చెక్క ఉబ్బుతుంది.”

“రాత్రి ఆ చప్పుడు?”

“ఏ చప్పుడు?”

“మీరూ విన్నారు. లేచి కూర్చున్నారు. నేను చూశాను.”

“నీళ్ల పైపు. పై వాటాలో డ్రాయింగు మాస్టారు మోటారు వేసుంటాడు.”

“ఆ వేళప్పుడు మోటారేంటండీ?”

“బొమ్మలేసే మనిషి. ఆయనకి వేళాపాళా ఉందా?”

“నాకు నవ్వు రావడం లేదు.”

“ఎందుకొస్తుంది? మన ఇల్లు ఎలా నిలబడుతుందో చెబుతామని క్లాసు పెట్టారు ఆ విశ్వవిద్యాలయం వాళ్లు. నువ్వు చేరినప్పటి నుంచీ ఇల్లు ఎలా పడిపోతుందనే గోల. అన్ని వయసులవాళ్లకీ అన్నీ నేర్పుతున్నారు, తోటపనికి చేరవే అన్నాను. వయొలిన్‌కి చేరమన్నాను.”

“యాభై ఆరేళ్లకి నేను వయొలిన్ పట్టుకుంటే ఇల్లు అప్పుడే పడిపోయేది.”

“అదీ. అలా మాట్లాడు.”

“మీకు వేళాకోళంగా ఉంటుంది. అక్కడ నన్నెవరూ ఎగతాళి చెయ్యలేదు. రిటైరైన పోస్టుమాస్టారు, కేకుల దుకాణం ఆవిడ, నేను, అందరం మా గోడల ఫోటోలు పట్టుకెళ్తే మేడం ఒక్కొక్కటీ తెర మీద వేసి చూపించారు. పగులు పాతదో, ఇంకా కదులుతోందో కంటితో తేల్చలేం, గాజుని అడగండి అన్నారు. ల్యాబులో వాడే పలకలు తలా ఒక డబ్బా ఇచ్చారు. పగులుకి అడ్డంగా పెట్టి, రెండు చివర్లా తడి ప్లాస్టరు ముద్దతో అతికించమన్నారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు సాగదు, వంగదు, పగిలిపోతుంది. పగిలితే మాత్రం ఆలోచించొద్దు, కట్టుబట్టలతో బయటికి రండి అన్నారు.”

“ఈ పాఠం నాకూ కంఠతా వచ్చేసింది.”

“ఇవాళ తలుపు సంగతి, ఆ చప్పుడు సంగతి అడిగాను.”

“ఆవిడనా? ఏమంది?”

“ఎందుకంత కంగారు?”

“కంగారేముంది. ఏమందా అని.”

“గాజు ఎలా ఉందని అడిగారు. అతికించిన నాటి నుంచీ చెక్కు చెదరలేదన్నాను. అయితే గోడ కదలడం లేదు, తలుపు చెమ్మకి ఉబ్బి ఉంటుంది, హాయిగా నిద్రపోండి అన్నారు.”

“చూశావా.”

“చూశాను. అయినా ఈ భయం పోవడం లేదు. పైగా వచ్చే శనివారం ఊరందరినీ పిలిచి ఉపన్యాసం పెడుతున్నారు కదా, అందులో నన్ను మాట్లాడమన్నారు. భయపడక్కర్లేని పగులు ఎలా ఉంటుందో మన గోడ ఫోటో చూపించి చెప్పాలట.”

“వద్దను.”

“ఏం?”

“వద్దను. మన ఇంటి గోడ ఊరందరికీ ఎందుకు?”

“అది కాదండీ, మేడం ఏమన్నారంటే...”

“వద్దన్నానా!”

“అరవకండి. నాకసలే బాగోలేదు... సరే, చెప్పను. అసలు క్లాసే మానేస్తాను. చదివిందేమో భయం లేదంటోంది, చెవులేమో ఉందంటున్నాయి. దేన్ని నమ్మను? ఈ వయసులో నాకు చదువు ఎక్కడం లేదు, అంతే.”

“మానెయ్యమని నేనన్లేదు.”

“మీరు అనక్కర్లేదు. మూతి విరుపు చాలు.”

“బానే చదువుతున్నావు.”

“ఏమిటీ?”

“నీకు బానే ఎక్కుతోంది అన్నాను. ఇంక పద. ఈ గదిలో నిలబడకు.”

“అదొకటి. మన మంచాలు ముందు గదిలోకి ఎందుకు మార్చారు?”

“గాలి కోసం.”

“ఆ గదిలో గాలెక్కడిది? కిటికీ తీస్తే పక్కింటి గోడ.”

“నడుం నొప్పని చెప్పాగా.”

“ఇప్పుడే గాలన్నారు.”

“రెండూనూ.”

“పోన్లెండి, అదీ మంచిదే అయింది. ఈ గది ఖాళీగా ఉంది. అమ్మాయిని ఇక్కడే పడుకోబెడతాను. ఉయ్యాల ఈ గోడ వారగా వేస్తే చంటిదానికి చలిగాలి తగలదు.”

“అమ్మాయేంటి? వచ్చే నెల కదా రావడం.”

“ఇవాళే బయల్దేరింది. మేడం ఆ మాట అన్నాక అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఇన్నాళ్లూ ఏదో వంక పెట్టి ఆపుతుంటే, అమ్మా నీకు మనవరాల్ని చూడాలని లేదా అని ఏడ్చింది. గాజు పగల్లేదు, ఇంక భయం లేదు, రా తల్లీ అన్నాను.”

“ఎక్కడుందిప్పుడు?”

“బస్సులో. అల్లుడుగారు ఎక్కించి వెళ్లారట. చీకటి పడేలోగా వచ్చేస్తుంది.”

“హాల్లో పడుకోబెట్టు.”

“పసిపిల్లనా? వచ్చేపోయేవాళ్ల మధ్యా?”

“అయితే ముందు గదిలో. మన మంచాలు నేను తీసేస్తాను.”

“మీకు నడుం నొప్పి కదా... అదేంటి, అలా చెమటలు పడుతున్నాయి? కూర్చోండి. ఆ గోడకి ఆనుకోండి.”

“ఆ గోడకి వద్దు.”

“ఏమండీ.”

“ఏం లేదు.”

“మేడం ఇచ్చిన డబ్బాలో పొద్దున ఒక పలక తక్కువుంది. నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయాననుకున్నాను. ఇందాక టార్చి కోసం అర తీస్తే ఇంకొకటి తగ్గింది. ఇంట్లో ఉండేది మనిద్దరమే.”

“పై మాస్టారు అడిగితే ఇచ్చాను. ఏదో బొమ్మకి కావాలని.”

“ఆయన ఊళ్లో లేరు. వారం నుంచి తాళమే. మీరు మోటారన్నప్పుడే అందామనుకున్నాను. అంటే చప్పుడు ఎక్కడిదో తేలిపోతుందని నోరు కట్టుకున్నాను.”

“నా మాట విను. అమ్మాయికి ఫోన్ చెయ్యి. బస్టాండులోనే ఉండమను. మనమే అక్కడికి వస్తున్నామను.”

“ముందు నాకు చెప్పండి.”

“ముందు ఫోన్ చెయ్యి.”

“చెప్పండి.”

“నువ్వు వద్దు వద్దంటుంటే ఈ ఇల్లు పట్టుబట్టి కొనిపించింది నేను. ఇది వదిలి ఎక్కడికి పోతాం, ఎవరి గుమ్మం ఎక్కుతాం? నువ్వేమో తిండి లేదు, నిద్ర లేదు. మొదటిసారి చూసినప్పుడు, నీకు అతికించడం చేతకాక అలా అయిందిలే అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నానే.”

“ఏం చూసినప్పుడు? ఏమైంది? గాజు పగల్లేదు కదండీ. నా చేత్తో అతికించాను. ఇదుగో, నా ఎదురుగానే ఉంది.”

“ఆ ప్లాస్టరు ముట్టుకుని చూడు. ఇంకా తడి ఆరలేదు. పొద్దున నువ్వు క్లాసుకి వెళ్లాక అతికించాను. నువ్వు పెట్టింది ఎప్పుడో పగిలిపోయింది. ఇది మూడోది.”