సింకు పక్కన స్టూలు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఇన్నేళ్లూ నాతో పాటు ముక్కు మూసుకుని పనిచేసిన ప్రయోగశాల మిత్రులకు, రేపో మాపో స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు పెట్టబోతున్న విద్యార్థులకు, వాళ్ల వెంట వచ్చి "ఈ రీసెర్చి ఎన్నాళ్లండీ, తర్వాత ఉద్యోగం వస్తుందాండీ" అని ఇందాక మెట్ల మీదే నన్ను నిలేసిన తల్లిదండ్రులకు, మొదటి వరసలో కూర్చుని నేనేం మాట్లాడతానోనని నాకంటే ఎక్కువ కంగారు పడుతున్న మా అక్కకు, అందరికీ నమస్కారం.

ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్లంతా నన్ను మోసి మోసి అలిసిపోయారు. నేను ఇంత గొప్పదాన్నని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, నా గదిలో ఫ్యాను బాగుచేయించమని ఇన్నేళ్లు బతిమాలేదాన్ని కాదు, దర్జాగా హుకుం జారీ చేసేదాన్ని. (నవ్వులు) పైగా రిటైర్మెంటు కానుకగా నాకో మంచి వాలు కుర్చీ బహూకరించారు. "జీవితమంతా నిలబడి పనిచేశారు మేడమ్, ఇక కూర్చోండి" అన్నారు. చాలా సంతోషం. ఇందాక కూర్చుని చూశాను, అందులోంచి లేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ కుర్చీ సంగతి మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఈరోజు నా మాటలన్నీ కూర్చోవడం గురించే.

కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను, నా పని బూజు. నిలవ చేసిన గింజలకు పట్టే బూజు ఎందుకు పడుతుంది, ఎప్పుడు పడుతుంది, పట్టకుండా ఏం చేయాలి అన్నదే నా చదువూ ఉద్యోగమూ. నా వెనకాల మీరంతా బూజు మేడమ్ అంటారని నాకు తెలుసు, తెలియనట్టు ఉన్నానంతే. మా అమ్మ మాత్రం చివరిదాకా సరిపెట్టుకోలేకపోయింది. "ఎవరైనా బూజు దులిపితే జీతమిస్తారు గానీ, పెంచితే ఇస్తారని నేనెక్కడా వినలేదే" అనేది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే "ఆఫీసులో చేస్తుంది" అని మాట మార్చేది.

అసలు నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో చెబితే కొందరు నమ్మరు. సాక్షి ఎదురుగానే ఉంది కాబట్టి ధైర్యంగా చెబుతాను. ఇప్పుడు మనం ఖాళీ చేస్తున్న ఈ పాత భవనం అప్పుడు కొత్త భవనం. మా అక్క ఇక్కడ టైపిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చింది. ఒక్కత్తే వెళ్లడానికి భయపడి, డిగ్రీ అయిపోయి ఇంట్లో పడి ఉన్న నన్ను తోడు లాక్కొచ్చింది. అక్క లోపలికి వెళ్లింది. కాళ్లు పీకుతున్నాయి, వరండాలో బెంచీ లేదు. పక్క గది తలుపు తీసి ఉంది, సింకు పక్కన ఒక స్టూలు ఖాళీగా ఉంది. వెళ్లి కూర్చున్నాను.

అది ప్రయోగశాలని నాకు తెలియదు. ఆ రోజు అక్కడికి కొత్తగా ఒక ట్రైనీ చేరాల్సి ఉందనీ, ఆ స్టూలు ఆ మనిషి కోసం వేసిందనీ అసలే తెలియదు. అప్పటి మా శాఖాధిపతి, మేమంతా పెద్దాయన అనేవాళ్లం, గబగబా వచ్చి, నా మొహం వంక కూడా చూడకుండా, మైక్రోస్కోపు నా ముందుకు జరిపి, "ఇందులో ఏం కనిపిస్తోందో బొమ్మ గీయమ్మా, తెలిసింది కాదు, కనిపించింది" అని చెప్పి వెళ్లిపోయారు. నాకు తెలిసిందంటూ ఏమీ లేదు గనుక కనిపించిందే గీశాను. మా అక్క ఇంటర్వ్యూ అయిపోయి, నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఇక్కడేం చేస్తున్నావే, పద" అంటే, "ఉండవే, ఇది కదులుతోంది" అన్నానట. అప్పుడు బయటపడింది పొరపాటు. ఆ ట్రైనీ ఆ రోజే కాదు, ఎన్నడూ రాలేదు. పెద్దాయన నా బొమ్మలు చూసి, నన్ను చూసి, "ఎవరికోసమో వేసిన స్టూలు మీద నువ్వు కూర్చున్నావు. మూడు నెలలు కూర్చుని చూడు, నచ్చితే స్కాలర్‌షిప్పు సంగతి నేను చెబుతాను" అన్నారు.

మా అక్కకు ఆ టైపిస్టు ఉద్యోగం రాలేదు. "ఇంటర్వ్యూకి వెళ్లింది నేను, ఉద్యోగం కొట్టేసింది ఇది" అని ఇప్పటికీ చుట్టపక్కాలందరికీ చెబుతుంది. ఔనా అక్కా? (ముందు వరస నుంచి: "ఔను మరి! చీర కూడా నాదే కట్టుకుంది!" నవ్వులు)

ఆ రోజు నుంచే మా ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ మొదలైంది. సింకు పక్కన స్టూలు ఎవరిదీ కాదు. దాని మీద సంచీ పెట్టకూడదు, కోటు తగిలించకూడదు. ఎవరైనా వచ్చి, ఇక్కడ ఏం చేస్తారో చూడాలనుంది అంటే, వాళ్లను దాని మీద కూర్చోబెట్టి, చేతికి పని ఇవ్వాలి. మార్కులెన్ని అని ఆ మూడు నెలలూ అడగకూడదు. స్టూలు మీద కూర్చున్నవాళ్లను మేము చుట్టం అంటాం. "ఈరోజు చుట్టం వచ్చిందా, భోంచేసిందా" అనుకుంటాం. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లకు ఫెలోషిప్పు వస్తే ఇంటి మనుషులైపోతారు. రాకపోతే, కనీసం ఇది తమకు పడదని తెలుసుకుని వెళతారు, అదీ మంచిదే.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వస్తాను, లేకపోతే మెట్ల మీద మళ్లీ పట్టుకుంటారు. డిగ్రీలో ఉండగానే సెలవుల్లో ప్రయోగశాలల్లో పనిచేయడానికి స్టైపెండు ఇచ్చేవి చాలా ఉన్నాయి. ఆ తర్వాత పరీక్ష రాసి నెగ్గితే పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ నెలనెలా ఫెలోషిప్పు వస్తుంది, మీ జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. పరీక్ష పోయినా ప్రాజెక్టుల్లో సహాయకులుగా చేరవచ్చు. ఇల్లు, పిల్లల వల్ల మధ్యలో చదువు ఆపేసిన ఆడవాళ్లకు వేరే ఫెలోషిప్పులున్నాయి, వాటికి వయసు పట్టింపు తక్కువ, ఈ మాట దయచేసి మీ కోడళ్లకు కూడా చెప్పండి. పోతే, రీసెర్చి చేసినవాళ్లంతా శాస్త్రవేత్తలే కానక్కర్లేదు. ఆహార కంపెనీల్లో సరుకు నాణ్యత పరీక్షించే ల్యాబులు నడిపేవాళ్లు, పెద్ద పెద్ద యంత్రాలను చంటిపిల్లల్లా సాకేవాళ్లు, పేటెంట్ల పని చూసేవాళ్లు, సైన్సును నాలుగు మాటల్లో జనానికి అర్థమయ్యేట్టు రాసేవాళ్లు, వీళ్లంతా మా ఇంటి నుంచి వెళ్లినవాళ్లే.

అయితే ఒకటి దాచకుండా చెబుతాను. ఇందులో ఓపిక కావాలి. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం వెక్కిరిస్తారు. మా దగ్గర ఎలుక దొరికితే ఆ రోజు మిఠాయిలు పంచుకుంటాం! దొరక్కపోతే, ఈ కొండలో ఎలుక లేదు, ఇంకెవరూ తవ్వక్కర్లేదు అని రాసిపెడతాం. అదీ ఫలితమే. దానికీ విలువుంది.

ఇప్పుడు అధ్యక్షుల వారి కథ చెబుతాను. (అధ్యక్ష స్థానం నుంచి: "మేడమ్, అది వద్దు!" నవ్వులు) వద్దంటే ఎలా సార్, రేపటి నుంచి నాకు మీరు చార్జిమెమో కూడా ఇవ్వలేరు.

డైరెక్టరు గారు ఫెలోషిప్పు పరీక్ష రెండుసార్లు తప్పి, ఇక దేనికైనా సరే అన్న మొహంతో మా స్టూలు మీదికి వచ్చారు. అప్పుడాయనకు మీసం కూడా సరిగా రాలేదు. మొదటిరోజు మేము భోజనానికి వెళ్లి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. "మేడమ్, ఆ సింకు పక్కన గాజు పళ్లాలన్నీ బూజు పట్టి ఉన్నాయి. పాపం మీకు తీరిక లేదేమోనని అన్నీ తోమి, వేడినీళ్లతో కడిగి బోర్లించాను" అన్నారు. (సభలో పెద్దగా నవ్వులు) అవి నేను రెండు నెలలుగా కంటికి రెప్పలా కాపాడుకుంటున్న బూజులండీ! ఒక్కటి మిగల్లేదు. తళతళా మెరుస్తున్నాయి పళ్లాలు. మా అమ్మ చూసి ఉంటే దీవించేది.

ఈ మనిషైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎవరూ చెప్పకుండా ఎంగిలి గిన్నెలు కడిగే మనిషి ఈ భవనం మొత్తంలో దొరికాడు, వదులుకుంటామా? కడిగేముందు అడగడం నేర్పు చాలు" అన్నారు. సాయంత్రానికి సింకు పైన గోడ మీద "కడిగేముందు అడుగు" అని రంగుతో రాయించారు. అది ఇప్పటికీ ఉంది. ఆ పని మళ్లీ మొదటి నుంచి ఇద్దరం కలిసి చేశాం, పగలంతా నా పక్కనే ఉండి ప్రతి పళ్లాన్నీ ఈయనే చూసుకున్నారు. మూడోసారి పరీక్ష నెగ్గారు. ఆ తర్వాత ఎంతవారయ్యారో మీరు చూస్తూనే ఉన్నారు. నాకు ఈయనంటే ఎంత గర్వమో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, రాసుకోండి.

ఈ కథ ఊరికే చెప్పలేదు.

సోమవారం మన ప్రయోగశాల కొత్త భవనానికి మారుతోంది. చూసి వచ్చాను, అద్దంలా ఉంది. ప్రతి సీటుకూ నంబరుంది, ప్రతి నంబరుకూ ఒక ఉద్యోగి ఉన్నారు, తలుపు కార్డు చూపిస్తే గానీ తెరుచుకోదు. కార్డు ఉద్యోగులకూ ఫెలోషిప్పు ఉన్నవాళ్లకూ మాత్రమే. ప్లానులో మన స్టూలు లేదు. ఎవరిదీ తప్పు కాదు, గీసినవాళ్లకు దాని సంగతి తెలియదంతే.

ఇప్పుడు ఆ స్టూలు మీద ఒకమ్మాయి ఉంది. అదిగో, గోడవారగా కూర్చుంది, తల వంచుకోకమ్మా. కెమిస్ట్రీ చదివింది. పెళ్లయి, పాప పుట్టాక చదువు ఆపేసి, మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసింది. ఒకరోజు నేను షాపుకి వెళ్లినప్పుడు, నా పనేమిటో తెలిసి నన్ను, "మేడమ్, గాలాడే సంచీలో గింజలకు బూజు తక్కువ పడుతుందంటారు, మరి మా ఇంట్లో తిరగబడిందేమిటి" అని అడిగింది. వచ్చి నువ్వే చూసుకో అన్నాను. వచ్చింది. పాపను స్కూల్లో దింపి వస్తుంది, స్కూలు వదిలే వేళకు పరుగెడుతుంది. గింజలు పోసి, బూజు ఎలా పడుతుందో ఆమె చూస్తున్న సీసాలు సగం దారిలో ఉన్నాయి. మధ్యలో ఆపిన ఆడవాళ్లకని చెప్పానే, ఆ ఫెలోషిప్పు ఇంటర్వ్యూ వచ్చే నెల. సోమవారం తలుపు తెరుచుకోకపోతే చేతిలో ఫలితం లేకుండా వెళ్లి కూర్చోవాలి. "ఏం చేద్దామనుకుంటున్నావే" అని అడిగితే, "పర్లేదు మేడమ్, షాపువాళ్లు మళ్లీ రమ్మంటున్నారు" అంది. ఆ పర్లేదు అన్న మాటకు రెండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని మా అక్క తిట్టింది. ఈ కంద దురద పైకి చెప్పుకునే రకం కాదక్కా.

అందుకని డైరెక్టరు గారూ, అడగందే అమ్మైనా పెట్టదు, అందరి ముందూ అడుగుతున్నాను. ఏకాంతంగా అడిగితే మీరు "పరిశీలిస్తాం" అంటారు, ఆ మాట మీకు నేర్పింది కూడా నేనే. (నవ్వులు) కొత్త ప్రయోగశాలలో చోటు లేదంటే ఆ స్టూలు నాకు ఇచ్చేయండి. కుర్చీ తీసుకెళ్లడానికి బయట వ్యాను ఉంది, దానితో పాటే ఎక్కించుకుపోతాను. మా వంటింట్లో సింకు పక్కన వేసి, ఈ అమ్మాయిని సీసాలు తెచ్చుకోమంటాను. బూజుకు మా వంటింట్లో ఏ లోటూ లేదు.

(డైరెక్టరు లేచి మైకు అందుకున్నారు: "మేడమ్, కుర్చీ తీసుకెళ్లండి. స్టూలు ఇవ్వం." చప్పట్లు)

ఇవ్వకుండా ఏం చేస్తారు సార్? ప్లానులో చోటు లేదుగా?

("కొత్త గదిలోనూ సింకు ఉంది కదా మేడమ్. దాని పక్కన చోటుంటుంది. సోమవారం స్టూలు నేనే మోసుకొస్తాను. కార్డు మీద చుట్టం అని రాయిస్తాను, ఎవరు కూర్చుంటే వాళ్లది.")

గోడ మీద రాత?

("అదీ రాయిస్తాను. రాసేముందు మిమ్మల్ని అడుగుతాను." నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

విన్నావా అమ్మాయ్? షాపువాళ్లకు రానని చెప్పెయ్. ఏడవకు, నువ్వు ఏడిస్తే నేను ఏడుస్తాను, నేను ఏడిస్తే మా అక్క మొదలెడుతుంది, ఇక సభ ముగించడం ఎవరి తరమూ కాదు.

నన్ను కూర్చోబెట్టి పని నేర్పిన ఈ ఇంటికి, నా కోపాన్ని భరించిన మీ అందరికీ, తన ఇంటర్వ్యూకి నన్ను తోడు తెచ్చుకున్న మా అక్కకు ధన్యవాదాలు. సోమవారం నుంచి నేను కూడా చుట్టాన్నే. అప్పుడప్పుడు చూసిపోవడానికి వస్తాను. మర్యాద కోసం ఆ స్టూలు మీదున్న వాళ్లను లేపి నన్ను కూర్చోమనకండి. నేనెప్పుడొచ్చినా దాని మీద ఎవరో ఒకరు పని చేసుకుంటూ కనిపించాలి, నేను పక్కన నిలబడి చూస్తాను. నిలబడటం నాకు అలవాటే. సెలవు.