మూతులు కొలిచిన సారు

గా కుండల ముంచకు బిడ్డా, గిండ్ల ముంచుకో. గది మీ బాపమ్మ చంద్రవ్వది. ఎందుకు దాసినవంటె ఏం జెప్పాలె, కూసో. నిజాం రాజ్యం పోయిన పదేండ్లకు, మనూరవతల పాటిగడ్డ, గా పాతూరి దిబ్బ, తవ్వతందుకు కరుణాకర్‌రావు సారచ్చిండు. మాట మెత్తన. చాయల శక్కర జాస్తి గావాలె ఆయనకు. ఆఁ, ఏమంటున్న? గంపలకొద్ది పాత పెంకులు తీసి, ఒక్కొక్క మూతి కొలిచి, గళ్ల కాయితం మీద సుక్క వెడుతుండె. సుక్కలన్ని ఒక్కతాన కుప్పవడితె ఒక్కతీరు కుండలట, రెండు కుప్పలైతె రెండు తీర్లట. ఇంత సదువు సదివి పెంకులేరుడేందని నేను నవ్విన. చంద్రవ్వ నవ్వలే. సారు తన లెక్క సక్కగున్నదా సూసుకుందామని, మెట్‌పల్లి అంగడికి పెట్టుకున్న నా కుండలు నలభై కొలిచిండు. ఒక్కని చెయ్యి గదా, ఒక్కటే కుప్ప వడాలె. రెండు వడ్డయి.

గిప్పుడు అసలు సంగతి ఇను. ఆ యేడు మన్ను తవ్వంగ గడ్డ కూలి నా కుడి మణికట్టు ఇరిగింది. మా కులంల ఆడిది చెక్కతోని కుండ సరిజెయ్యొచ్చు గని సారె ముట్టొద్దు, ముడితె వెలేస్తరు. అయినా తలుపేసుకొని చంద్రవ్వనే సారె తిప్పింది. ఆమె మూతి నాకన్న జర సన్నం. అంగట్ల ఎవ్వడు పోల్చలే. సాంబయ్య చెయ్యి తిరిగిందన్నరు, నేను మీసం దువ్విన. కట్టు విప్పినంక నేను జేసినయి, ఆమె జేసినయి కలిసే ఉండె. సారు కాయితం వట్టుకొని అరుగు మీద కూసున్నడు. 'సాంబయ్యా, వీటిని ఇద్దరు చేసిండ్రు. రెండో చెయ్యి ఎవరిది?' అన్నడు. పక్కనే మా కులపెద్ద గంగయ్య చుట్ట తాగుతుండె. తలుపెనుక చంద్రవ్వ మన్ను తొక్కుతుండె, సప్పుడాగింది. 'రెండు నా చేతియే సారూ' అన్న. సారు మొకం వాడిపాయె. 'అయితె నా లెక్కనే తప్పు' అని కాయితం మడిసి జేబుల వెట్టుకున్నడు. వారానికే డేరాలు పీకిండ్రు.

ఇంట్లకు పోతె తిడుతదనుకున్న. తిట్టలే. కాళ్లు కడుక్కుంట అన్నది, 'నా చెయ్యి గుర్తువట్టినోడు గా సారొక్కడే. నన్ను దాస్తివి, మంచిగనే జేస్తివి. పాపం, ఆయన లెక్క సక్కగనే ఉండె గద.' మల్ల సారె మీద కూసోలే. కూసొమ్మని నేనూ అనలే. గంగయ్య పోయినంక ఆదిలాబాద్ దాక సారును దేవులాడుకుంట పోయిన, బదిలయ్యిండన్నరు. ఇగ చంద్రవ్వ పోయి పంతొమ్మిదేండ్లాయె. గిప్పుడు ఎవ్వడడిగినా జెప్త, అడిగెటోడే లేడు. మస్తు యాదికస్తది బిడ్డా. రోజు పొద్దుగాల గా దాసిన కుండ మూతి సుట్టు వేలు తిప్పుత, ఆమె వేలు నడిసిన తొవ్వ గదా. ఏదీ, నీ వేలు వెట్టు. ఆఁ, గట్లనే. ఇగ నేను జేసిన కుండ మూతి సూడు. ఏమన్నవ్? ఇద్దరు చేసినట్టున్నదా?

... పొద్దువోయింది. మేకను లోపట కట్టేసి రాపో.